మూడో చేను గట్టు

ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా,
ఫిబ్రవరి 3, 2025.

హైదరాబాదు వేకువచుక్క గ్రూప్ వారికి,

వెంకటరావమ్మ చెప్పి రాయించునది. ముందు క్షేమసమాచారం రాయాలని మా మరిది మాలకొండయ్య అంటున్నాడు. ఈ ఊరి పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి, ఆయనకు పద్ధతులు తెలుసు. నాకు చదువూ రాదు, పద్ధతులూ రావు. క్షేమంగా ఉంటే మీకు ఉత్తరం ఎందుకు రాస్తాను? క్షేమంగా లేను. నా గట్టు మీరు తీసేశారు.

సంగతి మొదటినుంచి చెబుతాను. టీవీలో ఆడే ఆట ఒకటి మీరు అమ్ముతున్నారు. అట్టపెట్టె మీద ‘లోహ శలభం, ప్రాంతీయ ముద్రణ’ అని ఉందట. మేం దాన్ని ఉక్కు మిడత అంటాం. ఇనుప చొక్కా తొడుక్కున్న మనిషి ఏదో చుక్క మీద దిగి, అడ్డమొచ్చిన పురుగుల్ని కాలుస్తూ, గట్టు మీంచి గట్టు మీదికి దూకుతూ పోయే ఆట. అది పై దేశంలో పుట్టింది, కాదనను. దానికి తెలుగు నేర్పింది మాత్రం నా కూతురు మల్లేశ్వరి. పాలిటెక్నిక్ చదివి, గుంటూరులో ఇమాం హుస్సేన్ గారి టీవీ రిపేరు కొట్లో పనిచేసేది. 1998లో ఆ క్యాసెట్టు విప్పి, లోపలి చిప్పు మార్చి, తెలుగు అక్షరాలు ఎక్కించింది. స్టేజీలకు చేలని పేరు పెట్టింది. ఒకటో చేను, రెండో చేను, అట్లా ఏడు చేలు. పురుగుల పేర్లు నన్నడిగింది. తెల్లదోమ, ఎర్రనల్లి, పచ్చపురుగు అని నేనే చెప్పాను.

ఆ పాత క్యాసెట్టు మొన్న శ్రావణంలో చచ్చింది. ఇమాం హుస్సేన్ గారు పెద్దవాడైపోయి కూడా బస్సెక్కి వచ్చి, మీరు కొత్తగా వేసిన తెలుగు ఆట తెచ్చి టీవీకి తగిలించి వెళ్ళారు. ఒకటో చేను బాగుంది. రెండో చేనూ బాగుంది. మూడో చేనులో గొయ్యి ఉంది. గోతి మధ్యలో గట్టు ఉండాలి. లేదు.

మిరపకాయల తొడిమలు తీసీ తీసీ నా కుడి బొటనవేలు కర్రయిపోయింది, వంగదు. బటను నొక్కిపట్టి ఉంచితేనే ఆ ఇనుప మనిషి దూరం దూకుతాడు. నేను నొక్కిపట్టలేను. అందుకని మల్లేశ్వరి ఆ గోతి మధ్యలో నాకోసం ఒక గట్టు కట్టింది. రెండు చిన్న గంతులు వేస్తే అవతల పడతాను. ఇరవై ఏడేళ్ళు ఆ గట్టు మీద నిలబడ్డదాన్ని. నిన్న ఒక్కరోజే ఆ గోతిలో పడి ఏడుసార్లు చచ్చాను.

నా గట్టు నాకు పెట్టండి. వేరే ఏమీ అడగను. పెట్టకపోతే ఊరుకోను.

ఇంకోటి. తెల్లదోమకు ‘గ్రహాంతర జీవి’ అని పేరు పెట్టారట. తెల్లదోమ ఏ గ్రహం నుంచీ రాదు. పక్క చేలోంచి వస్తుంది.

ఇట్లు,
వెంకటరావమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

తా.క. రాసినవాడు మాలకొండయ్య, రిటైర్డ్ బ్రాంచి పోస్టుమాస్టరు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ‘పక్క చేలోంచి’ అన్నది మాటవరసకు మాత్రమే. ఆమె పక్క చేను నాది. ఈ ఊళ్ళో మిగతా గట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నవని మనవి.


వేకువచుక్క గ్రూప్
(స్థలాలు – విల్లాలు – వీడియో గేములు)
భూముల విభాగం, హైదరాబాదు,
ఫిబ్రవరి 11, 2025.

శ్రీమతి వెంకటరావమ్మ గారికి (మలకొండయ్య గారి ద్వారా) గౌరవపూర్వకంగా,

మా సంస్థకు వచ్చే ప్రతి ఉత్తరాన్నీ టపా విభాగం వారు చదివి, సారాంశం ఒక చీటీ మీద రాసి, ఆ చీటీని సంబంధిత విభాగానికి పంపడం ఆనవాయితీ. మీ ఉత్తరం తాలూకు చీటీలో ఇలా ఉంది: ‘ప్రత్తిపాడు. చేను నం. 3. గట్టు తొలగింపు. గొయ్యి. మిడతలు. ఏడు మరణాలు. ఊరుకోరట.’

ముందుగా, మీ చేనులో జరిగిన దుర్ఘటనలో మరణించిన ఏడుగురి ఆత్మలకు శాంతి కలగాలని మా సిబ్బంది అందరి తరఫున కోరుకుంటున్నాను.

మా సంస్థ ప్రత్తిపాడు పరిసరాల్లో ఇంతవరకు సెంటు స్థలం కూడా కొనలేదు. అందుచేత మీ గట్టును మేము తొలగించే అవకాశం లేదు. అయినా ఇంత ప్రాణనష్టం జరిగిన తరువాత చేతులు దులుపుకోవడం మా విధానం కాదు. మా సర్వేయరు ఈ నెల 18న మీ గ్రామానికి వచ్చి చేను కొలుస్తారు. పట్టాదారు పాసుపుస్తకం దగ్గర ఉంచుకోగలరు. మిడతల విషయం వ్యవసాయ శాఖ వారికి తెలుపుకోగలరు.

మీ దుఃఖంలో పాలుపంచుకుంటూ,
నాగచైతన్య,
భూముల విభాగం.

తా.క. మృతుల పేర్లు, వయసులు తెలియజేయగలరు. అంతవరకు గోతి చుట్టూ ముళ్ళకంప వేయించగలరు.


ప్రత్తిపాడు,
ఫిబ్రవరి 16, 2025.

నాగచైతన్య గారికి,

మీ సంతాపం అందింది. బతికుండగా సంతాపం అందుకున్న మనిషి ఈ మండలంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మృతుల పేర్లు అడిగారు. చచ్చింది ఏడుగురు కాదు. ఏడుసార్లూ నేనే. పేరు వెంకటరావమ్మ, వయసు డెబ్బై నాలుగు. ఏడుసార్లూ అదే వయసు.

మీ ఆటలో మూడేసి ప్రాణాలిస్తారు. అవి అయిపోతే మళ్ళీ మూడిస్తారు. ఆ సంగతి మీకు తెలియదా? మీ బోర్డు మీద స్థలాల పక్కనే గేములు అని రాసుందట, మరిది చదివి చెప్పాడు. ఒక చూరు కింద కాపురం ఉంటూ పక్కగదిలో ఏం వండుతున్నారో తెలియకపోతే ఎట్లా? ఉత్తరం చదవకుండా చీటీ చూసి జవాబు రాసేవాణ్ణి మా ఊళ్ళో ఏమంటారో కూడా చెప్పాను. మరిది రాయనంటున్నాడు.

ముళ్ళకంప వేయమన్నారు. టీవీకి వేయనా?

సర్వేయర్ని పంపొద్దు. నా గట్టు పోయింది చేలో కాదు, మీ హైదరాబాదులో. ఏ గదిలో కూర్చుని తీశారో ఆ గది కొలిపించుకోండి.

ఈ ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. ఎందుకో చెబుతాను. ‘గట్టు’ అన్నచోటల్లా మరిది కలం ఆగుతోంది. “వదినా, గట్టు అనే మాట మార్చి మెట్టు అని రాద్దామా?” అన్నాడు. “ఎందుకు మరిదీ?” అన్నాను. “మెట్టంటే ఏ గొడవా ఉండదు” అన్నాడు. “గట్టంటే ఎవరికుంది గొడవ?” అన్నాను. మజ్జిగ తాగి వస్తానని లేచిపోయాడు. మా ఇంట్లో మజ్జిగ ఉంది. వాళ్ళింటికి పోయి తాగొచ్చాడు.

గట్టునే రాయమన్నాను. గట్టే రాశాడు.

మళ్ళీ చెబుతున్నా. నేను డబ్బడగలేదు, చేనడగలేదు. మల్లేశ్వరి కట్టిన గట్టు అడిగాను.

ఇట్లు,
ఏడుసార్లు చచ్చి ఇంకా మాట్లాడుతున్న
వెంకటరావమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

తా.క. సర్వేయరు గారు రానవసరం లేదని నేనూ కోరుతున్నాను. ఈ వ్యవహారంలో మా వదినకూ నాకూ ఏకాభిప్రాయం కుదిరిన సంగతి ఇదొక్కటే. మరొకటి. మీ కవరు మీద నా పేరు ‘మలకొండయ్య’ అని పడింది. మొదటి అక్షరానికి దీర్ఘం ఉంది. ముప్పై ఏళ్ళు టపా పంచినవాణ్ణి, ఒక్క దీర్ఘం పోతే ఉత్తరం ఎవరింటికి పోతుందో నాకు తెలుసు. సవరించుకోగలరు. – మాలకొండయ్య.


వేకువచుక్క గ్రూప్
భూముల విభాగం, హైదరాబాదు,
ఫిబ్రవరి 24, 2025.

శ్రీమతి వెంకటరావమ్మ గారికి (మాలకొండయ్య గారి ద్వారా, దీర్ఘం సవరించడమైనది),

మీ రెండో ఉత్తరం చేరేసరికి మా సర్వేయరు బయలుదేరి వచ్చేశారు. ఆ ఉత్తరం తాలూకు చీటీలో ‘ఫిర్యాదుదారే ఏడుసార్లు మరణించారు. సర్వేయరు వద్దు. హైదరాబాదులో గది కొలవాలి’ అని ఉంది. ఒకే వ్యక్తి ఒకసారికి మించి మరణించిన సందర్భంలో ఏ విధానం అనుసరించాలో మా న్యాయ సలహాదారు పరిశీలిస్తున్నారు. ఇంతవరకు పూర్వోదాహరణ దొరకలేదు. గది కొలిపించాం. పన్నెండు అడుగులకు పది.

సర్వేయరు నివేదిక ఇది. మీ చేనులో గొయ్యి లేదు. ఉక్కు మిడతలు కనిపించలేదు, మామూలు మిడతలున్నాయి. అయితే మీ చేనుకూ పడమటి చేనుకూ మధ్యనున్న గట్టు, వేపచెట్టు దగ్గర మొదలై పంట కాలవ వరకు, మూడు అడుగుల మేర మీవైపు జరిగి ఉంది. గట్టు మీద పెరిగిన తుమ్మల వయసును బట్టి ఇది పాతికేళ్ళ కిందటి సంగతి.

కనుక గట్టు విషయంలో మీ ఫిర్యాదు నిజమేనని తేలింది. మీరు సర్వేయరును వద్దన్నా మా కొలత మీకు ఉపయోగపడినందుకు సంతోషిస్తున్నాం. గట్టు జరిపింది మా సంస్థ కాదని మరొక్కసారి తెలుపుకుంటూ,

భవదీయుడు,
నాగచైతన్య.

తా.క. నివేదికలో చివరి వాక్యం యథాతథంగా ఇస్తున్నాను: ‘పడమటి చేను ఆసామి నాకు మూడుసార్లు మజ్జిగ ఇచ్చారు. టేపు రెండో కొస తామే పట్టుకుంటామని పట్టుబట్టారు. కొలిచిన ప్రతిసారీ కొస వదిలేశారు.’


ప్రత్తిపాడు,
మార్చి 5, 2025.

ఆటల విభాగంలో ఎవరుంటే వాళ్ళకి,

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. చీటీలు రాసేవాళ్ళ చేతిలో పడకుండా ఇమాం హుస్సేన్ గారికిచ్చి పంపుతున్నాను. చచ్చిపోయిన పాత క్యాసెట్టు కూడా ఆయన దగ్గరే ఉంది. రెండూ మీ చేతికే ఇస్తారు. ఇంకెవరికీ ఇవ్వరు.

మీ భూములవాళ్ళు నేనడగని గట్టు కొలిచిపోయారు. కొలిస్తే కొలిచారు. దాని సంగతి తర్వాత. నేనడిగిన గట్టు గురించి మీకు తిన్నగా చెబుతాను, వినండి.

ఆదివారాలు మల్లేశ్వరి గుంటూరు నుంచి వచ్చేది. మధ్యాహ్నం అన్నాలు తిని, వాకిట్లో కళ్ళం మీద మిరపకాయలు తిరగేసి, లోపలికొచ్చి ఇద్దరం ఆ టీవీ ముందు కూర్చునేవాళ్ళం. తను ఆడుతుంటే చూడ్డం నాకు విసుగు. “ఇటివ్వవే” అని లాక్కున్నాను ఒకరోజు. ఒకటో చేను నేర్చుకున్నాను. రెండోది నేర్చుకున్నాను. మూడో చేనులో గోతి దగ్గరికి వచ్చేసరికి ఈ వేలు వంగదు కదా, పడ్డాను. పడ్డాను. పడుతూనే ఉన్నాను.

“మళ్ళీ పడ్డావా అమ్మా?” అంది.

“నీ ఆటలో గట్టు లేదే. గట్టు లేని చేను చేనేనా? మనిషి కాలు ఎక్కడ పెట్టాలి?” అన్నాను.

పడీ పడీ నవ్వింది. “ఉండు, నీకో గట్టు కడతా” అంది.

మళ్ళీ ఆదివారం వచ్చేసరికి గోతి మధ్యలో గట్టు ఉంది. చారెడంత. నల్లగా, మన రేగడి రంగులో. దాని మీద కాలు పెట్టి అవతలికి దూకాను. ఆ రోజే ఏడో చేనుదాకా పోయాను.

ఏడో చేను దాటాక తెర నల్లబడి నాలుగైదు వరసలు వస్తాయి. అవి నా కూతురు రాసినవి. నాకు చదవడం రాదు. కానీ ఆ అక్షరాల రూపం తెలుసు. ఎక్కడ గుండ్రంగా తిరుగుతాయో, ఎక్కడ కొమ్ము లేస్తుందో, ఎక్కడ వత్తు కిందికి దిగుతుందో కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. అవి రాసిన మూడేళ్ళకు, ఇరవై నాలుగేళ్ళ వయసులో, జ్వరం వచ్చి మల్లేశ్వరి పోయింది. ఫొటో ఉంది. ఫొటోలో ఎవరో స్టూడియోవాడు దువ్వెన ఇచ్చి కూర్చోబెట్టిన పిల్ల ఉంటుంది. నా పిల్ల ఆ వరసల్లో ఉంటుంది. అందుకని ఆడతాను. పని లేక కాదు, పిచ్చెక్కీ కాదు. అక్కడిదాకా వెళ్ళి చూసి రావడానికి.

మీ కొత్త ఆటలో చివర ‘శుభం’ అని మాత్రం ఉందని ఇమాం హుస్సేన్ గారు చెప్పారు. పేర్లు మార్చారు, గట్టు తీశారు, చివరికి దాని మాటలు కూడా తీసేసి శుభం అంటున్నారు. ఎవరికి శుభం?

గట్టు పెట్టండి. ఆ వరసలు పెట్టండి. నాకు డెబ్బై నాలుగు. ఆటలో ఇచ్చినట్టు మూడు ప్రాణాలు ఇక్కడ ఎవరూ ఇవ్వరు.

ఇట్లు,
మల్లేశ్వరి తల్లి
వెంకటరావమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

తా.క. పై ఉత్తరంలో మధ్యలో ఒకటి రెండు చోట్ల సిరా చెదిరింది. ఎండకు చెమట. మల్లేశ్వరికి ఓనమాలు దిద్దించింది నేనే. ఇక భూముల విభాగం వారు రాసిన మూడు అడుగుల విషయం. మాది నల్లరేగడి. ఎండకు బీటలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. అటువంటి నేలలో గట్లు వాటంతటవే జరగడం కద్దు. మొత్తం గట్టు ఒకేవైపు, ఒకే కొలతన జరగడం అరుదే గానీ, కద్దు. – మాలకొండయ్య.


వేకువచుక్క గ్రూప్
ఆటల విభాగం, హైదరాబాదు,
మార్చి 24, 2025.

వెంకటరావమ్మ గారికి నమస్కారాలతో దీప్తి రాస్తున్నది.

ఇమాం హుస్సేన్ గారు మా ఆఫీసు వరండాలో పొద్దున పదింటినుంచి భోజనాల వేళదాకా కూర్చున్నారు. టపా విభాగం వాళ్ళు వచ్చి ఉత్తరం అడిగితే, “చీటీ రాసే చెయ్యి కాదు, ఆట చేసిన చెయ్యి కావాలి” అన్నారట. నేనే వెళ్ళి తీసుకున్నాను.

అమ్మా, మీ గట్టు తీసింది నేను. నా చేత్తోనే తీశాను. ఎందుకు తీశానో చెప్పుకోవాలి. ఈ ఆటను మళ్ళీ తెద్దామనుకున్నప్పుడు విదేశీ ఆటనూ, అప్పట్లో గుంటూరు కొట్లో అమ్మిన మీ అమ్మాయి తెలుగు ఆటనూ పక్కపక్కన పెట్టి ఆడి చూశాం. అసలు ఆటలో పురుగులకు పేర్లు లేవు, నంబర్లే. చేలు లేవు. మూడో స్టేజీలో గట్టూ లేదు. తెలుగు క్యాసెట్టులో ఉన్న ఆ నల్లటి ముక్క చుట్టూ ఉన్న రాళ్ళకు అతకలేదు. చిప్పులో ఏదో చెడి పడిన మచ్చ అనుకున్నాను. మరమ్మతు చేస్తున్నాననుకుని తుడిచేశాను.

మీ ఉత్తరం చదివాక నా కుడి బొటనవేలు వంగకుండా గుడ్డ చుట్టుకుని ఆడాను. మూడో చేనులో పదకొండుసార్లు చచ్చాను. పన్నెండోసారి లేచి వెళ్ళి మీ గట్టు పెట్టాను. రేగడి రంగులోనే, చారెడంతే. తెల్లదోమను తెల్లదోమ చేశాను. కొత్త క్యాసెట్టు, ఇవాళ మళ్ళీ వచ్చిన ఇమాం హుస్సేన్ గారితోనే పంపుతున్నాను.

ఇక చివరి వరసలు. వాటిలో ఒక మనిషి పేరుంది. పేరున్నందుకు మా న్యాయ సలహాదారు తీసేయమన్నారు, అందుకే శుభం వచ్చింది. పాత చిప్పులోంచి ఆ వరసలు మళ్ళీ బయటికి తీశాను. ఉన్నది ఉన్నట్టు కింద రాస్తున్నాను. ఈ ఉత్తరం చదివి వినిపించేవారికి ఒక విన్నపం: దయచేసి ఏదీ వదలకండి.

‘ఆట అయిపోయింది. ఇంతదాకా వచ్చింది మా అమ్మే అయ్యుంటుంది.
మా అమ్మకు రాయడం రాదు. కోర్టుకు పోవడం ఇష్టం లేదు. అందుకని ఇక్కడ రాసి పెడుతున్నా.
ఈ ఏడు వేపచెట్టు దగ్గర మా గట్టు రెండు మూరలు మావైపు జరిగింది.
జరిపింది మలకొండయ్య బాబాయి.
అమ్మా, గోతిలో గట్టు నేను పెట్టా. చేలో గట్టు ఆయనే పెడతాడు. చూస్తూ ఉండు.’

మీ ఉత్తరాలు రాస్తున్నవారి పేరు నాకు తెలుసు. ఒక్క దీర్ఘమే తేడా. ఇంతకు మించి నేనేమీ అనను. ఆ పేరు ఉంచాలో తీయాలో మీరు చెప్పండి. మీరు ఎట్లా అంటే అట్లా చేస్తాను. సలహాదారుకు నేను చెప్పుకుంటాను.

మీ గట్టు తీసినందుకు క్షమించమని కోరుతూ,
దీప్తి.

తా.క. నాగచైతన్య గారు ఏడు మరణాల ఫైలు మూసేశారు. పైన ‘ఫిర్యాదుదారు సజీవం, గట్టిగా ఉన్నారు’ అని రాశారు.


ప్రత్తిపాడు,
ఏప్రిల్ 6, 2025.

అమ్మా దీప్తీ,

తీసిన చేత్తోనే పెట్టావు. అది చాలామందికి చేతకాదు. నీ మీద నాకు కోపం లేదు.

నీ ఉత్తరం చదివింది మరిదే. ఇంకెవరు చదువుతారు? అరుగు మీద కూర్చుని మొదటినుంచి బాగానే చదువుకొచ్చాడు. మల్లేశ్వరి మాటల దగ్గరికి వచ్చాక గొంతు తగ్గింది. మూడో వరస అయ్యాక ఆగాడు. కళ్ళద్దాలు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

“ఇక్కడ అక్షరాలు సరిగా పడలేదు వదినా” అన్నాడు.

“పడినంతమటుకు చదువు” అన్నాను.

చదివాడు. దీర్ఘం లేకుండా, ఉన్నది ఉన్నట్టే చదివాడు. ఆఖరి వరసదాకా చదివి కాగితం మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళంలో మిరపకాయల మీద కాకి వాలితే నేనే లేచి తోలాను.

“నీకిది ఇప్పుడే తెలిసిందా?” అని అడిగాడు.

అమ్మా దీప్తీ, నాకు చదువు రాదు గానీ చెవులున్నాయి. ఆ వరసలు రాసిన రోజే మల్లేశ్వరి నాకు చదివి వినిపించింది. ఇరవై ఏడేళ్ళుగా నాకు తెలుసు. అంతకు ముందే తెలుసు, గట్టు జరిగిన తెల్లారే నా కాలికి తెలిసింది.

మరి ఎందుకు అడగలేదంటావా? అడుగుదామనే ఉన్నాను. ఇవాళా రేపా అనుకుంటూనే మూడేళ్ళు గడిచాయి, ఇంతలో మల్లేశ్వరికి జ్వరమొచ్చింది. వానాకాలం. మా డొంకదారిలో రేగడి మోకాలిదాకా దిగబడుతోంది, బండి కదల్లేదు, ట్రాక్టరు రాలేదు. ఈ మరిది మల్లేశ్వరిని భుజాన వేసుకుని రెండు మైళ్ళు ఆ బురదలో నడిచి రోడ్డెక్కించాడు. దక్కలేదు. కానీ మోశాడు. కూతుర్ని భుజాన మోసిన మనిషిని, మట్టి ఎందుకు మోశావని ఎట్లా అడగను? ఆ రోజునుంచి గట్టు మాట నా నోట రాలేదు.

రాకపోయినా గట్టు అక్కడే ఉంది కదా. ఆయనకు డెబ్బై ఆరు. నాకు డెబ్బై నాలుగు. ఆయన దాన్ని నెత్తిన పెట్టుకుని పోకూడదనుకున్నాను. ఇంతలో మీరు నా ఆటలో గట్టు తీశారు. అది నిజంగా పోయింది, నిజంగానే ఏడ్చాను. ఉత్తరం రాయించడానికి బళ్ళో టీచరు కరీమున్ ఉంది. అడిగితే మంచి అక్షరాలతో గంటలో రాసిచ్చేది. నేను మరిదినే పిలిచాను. నా ఉత్తరాలు నీ దగ్గరే ఉంటాయి కదా, తీసి చూడు. ‘గట్టు’ అనే మాట ఆయన చేత్తో ఎన్నిసార్లు రాయించానో.

(ఇక్కడ రాయడం కాసేపు ఆపినాను. – మా.)

రాయి మరిదీ, అయిపోవచ్చింది.

మొన్న శుక్రవారం పొద్దున్నే పార చప్పుడు వినిపించి చేలోకి పోయాను. పత్తిచెట్టు పీకేసిన చేను, ఖాళీగా ఉంది. వేపచెట్టు దగ్గర ఒక్కడే గట్టు తవ్వుతున్నాడు. మనుషుల్ని పెట్టుకోవచ్చు కదా అంటే, “జరిపినప్పుడు మనుషుల్ని పెట్టలేదు వదినా” అన్నాడు. ఎవరి మూరతో కొలవాలని మళ్ళీ ఆయనకే సందేహం. నా చెయ్యి పొట్టి, ఆయన చెయ్యి పొడుగు. “జరిపినప్పుడు ఎవరి మూర?” అన్నాను. తన మూరతోనే కొలిచాడు. ఈసారి కొస వదల్లేదు. నేను నీళ్ళు తెచ్చి పోశాను, ఆయన తొక్కాడు. కాలవదాకా పోవడానికి రెండు రోజులు పట్టింది.

నిన్న మధ్యాహ్నం నువ్వు పంపిన ఆట పెట్టాను. మూడో చేనులో గట్టు ఉంది. దూకకుండా దాని మీద నిలబడ్డాను. తెల్లదోమ వచ్చి కుట్టి చంపేసింది. మళ్ళీ వచ్చి మళ్ళీ అక్కడే నిలబడ్డాను. తర్వాత ఏడో చేనుదాకా పోయాను. చివర ఇప్పటికీ శుభమే ఉంది. పేరు సంగతి తేలాక వరసలు పెడతానన్నావని ఇమాం హుస్సేన్ గారు చెప్పారు. ఎదురు చూస్తాను.

పేరు ఉంచాలా తీయాలా అని నన్నడిగావు. నేను తేల్చను. ఎవరి పేరో వాళ్ళనే తేల్చుకోమన్నాను. కింద రాస్తాడు.

చల్లగా ఉండు.

ఇట్లు,
వెంకటరావమ్మ
(ఈసారి కుడి బొటనవేలి ముద్ర. వంకరగా పడింది. ఫరవాలేదు.)

తా.క. అమ్మా, పేరు ఉంచండి. కింద ఎక్కడైనా చోటుంటే ‘గట్టు తిరిగి పెట్టబడినది, ఏప్రిల్ 5, 2025’ అని ఒక్క వాక్యం చేర్చగలరు. నా పేరులో మొదటి అక్షరానికి దీర్ఘం పెట్టించమని కూడా రాశాను. మల్లేశ్వరి చిన్నప్పుడు పలక మీద కూడా దీర్ఘాలు మరిచిపోయేది, నేను దిద్దేవాణ్ణి. రాసింది వదినకు చదివి వినిపించాను. నా కూతురు రాసినదాంట్లో అక్షరం కదిలిస్తే ఊరుకోనంది. కనుక దీర్ఘం వద్దు, కొట్టివేసినాను. ఎట్లా ఉన్నది అట్లాగే పెట్టండి. దీర్ఘం లేకపోయినా అది నేనే.